హోల్డాన్

మా బావ షాలేమ్‌రాజుకు కారు నడపడం రాదు. ఈ మాట ఆయన మొహం మీద అనలేను. అక్క మొగుడు, పైగా డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పే లెక్చరర్, నేనేమో బస్సు డ్రైవర్ని. ఇరవై నాలుగేళ్లు స్టీరింగ్ పట్టినవాడు పక్క సీట్లో బెల్టు బిగించుకుని నోరు మూసుకుని కూర్చోవడం ఎంత నరకమో ఈ రెండు రోజుల్లో తెలిసొచ్చింది. నిన్న పొద్దున ఖమ్మంలో బయల్దేరే ముందు ప్రయాణ ప్రార్థన కూడా ఆయనే చేశాడు. పది నిమిషాలు. నాలుగు చక్రాలనూ పేరుపేరునా ప్రభువు చేతికి అప్పగించాడు. అప్పగించాల్సింది ఆయన కుడికాలిని. మలుపులో బ్రేకు, తిన్నటి రోడ్డు మీద బ్రేకు, రోడ్డు పక్కన గేదె ఊరికే నిలబడితే హారను, ఎదురుగా లారీ వస్తుంటే మాత్రం రాజకీయం. స్టీరింగ్ వదిలేసి రెండు చేతులతో దేశాన్ని చక్కదిద్దుతాడు. కొత్త బండి, గేర్లు లేని బండి, పైన అద్దం తెరుచుకునే బండి, డాష్‌బోర్డు మీద పంద్రాగస్టుకు అతికించిన ప్లాస్టిక్ జెండా. ఆ జెండా ఏసీ గాలికి రెండు రోజులుగా టపటపా కొట్టుకుంటూనే ఉంది, పీకి పారేయాలని నా చెయ్యి దురద పెడుతూనే ఉంది.

ఇప్పుడు పందిరివాగు ముందు ఆగి ఉన్నాం. వాగు పొంగింది. ఇక్కడ చినుకు లేదు, నెత్తి మీద ఎండ మాడుస్తోంది, అయినా పొంగింది. వాన పడింది ఇక్కడ కాదు, పైన, ఛత్తీస్‌గఢ్ గుట్టల్లో. ఈ సంగతి ఈ అడవిలో కోడిపిల్లకైనా తెలుసు, సెలవులకు వచ్చినవాళ్లకు తెలియదు. "గింత ఎండ కొడుతుంటే వరదేంది భయ్" అంటూ మా ముందున్న తెల్లబండివాడు బానెట్ మీద కూర్చుని నవ్వుతున్నాడు. పొద్దున మేము భద్రాచలం లాడ్జి నుంచి దుమ్ముగూడెం పాత చర్చికి వెళ్లేటప్పుడు ఇదే వాగు చీలమండ తడవనంత ఉంది. చర్చిలో పాస్టరు గంటన్నర ప్రసంగం చేశాడు, బావ లేచి తన తాతగారు ఇక్కడే బాప్తిస్మం తీసుకున్నారని పావుగంట సాక్ష్యం చెప్పాడు, కూటం తర్వాత ఎవరింట్లోనో కోడికూర తిన్నాం, ఆ కాస్త పొద్దులో ఎర్రనీళ్లు చప్టా ఎక్కాయి. ఇది బ్రిడ్జి కాదు, చప్టా. రోడ్డునే కిందికి దించి, సిమెంటు పోసి, వాగుకు అడ్డంగా పరిచారు. మామూలు రోజుల్లో నీళ్లు కింద తూముల్లోంచి పోతాయి, కోపం వస్తే నెత్తి మీంచి పోతాయి. దారి తెలియడానికి రెండు పక్కలా సున్నం కొట్టిన రాళ్లు పాతారు. ఒక్కో పక్క పదకొండు. ఎన్ని ఉన్నాయో నేను వెతికి చూడనక్కర్లేదు, నాలుగేళ్లుగా కళ్లు మూసుకుంటే అవే కనిపిస్తున్నాయి.

"ఇగో బామ్మర్దీ, చూసినవా, గీ దేశం ఎందుకు బాగుపడుతలేదో?" అంటున్నాడు బావ. "డెబ్బయి తొమ్మిదేండ్లయె స్వాతంత్ర్యమొచ్చి. ఒక్క వాగు మీద ఒక్క బ్రిడ్జి కట్టలేరు. మనకు గట్టి లీడర్ లేడు. సినిమాల హీరో చెప్పలే? ధైర్యం ఉన్నోడే దారి చూపిస్తడని?" గట్టి లీడర్ లేడట. ఆరేళ్ల కింద ఒక పార్టీ, మూడేళ్ల కింద ఇంకో పార్టీ, ఇప్పుడు ఫోన్లో ఏ వీడియో వస్తే ఆ పార్టీ. ఈయన పాఠం చెప్తుంటే పిల్లలు ఎట్లా పాసవుతున్నారో ఆ ప్రభువుకే తెలియాలి. బ్రిడ్జి సంగతి నన్నడగండి, నేను చెప్తాను. అదిగో, కారు అద్దంలోంచి చూస్తే కనిపిస్తున్నాయి రెండు శిలాఫలకాలు, ఈ ఒడ్డున, ఒకదాని వెనక ఒకటి. ఒకటి వీళ్లు వేసింది, ఒకటి వాళ్లు వేసింది. మూడోది అవతలి ఒడ్డున ఉంది, అది పక్క రాష్ట్రం వాళ్లది. రాష్ట్రం విడిపోయినప్పుడు ఈ వైపు మండలాలను కాగితం మీద గీత గీసి అటు పంచారు కదా, ఆ గీత ఈ వాగు నడుమ నుంచి పోయింది. దుమ్ముగూడెం మాది, భద్రాచలం మాది, నడుమ నాలుగు ఊళ్లు వాళ్లవి. సొంత ఇంట్లో వంటగదికి పోవాలంటే పక్కవాళ్ల వరండాలోంచి పోవాలి, అదీ మా బతుకు. బ్రిడ్జి కట్టమంటే సగం మాది కాదంటారు వీళ్లు, సగం మాది కాదంటారు వాళ్లు. ఓట్లప్పుడు మాత్రం రెండు ఒడ్లూ అందరివీ. నేను ఎవడికీ ఓటెయ్యనని అనను, వేస్తాను, వేసిన ప్రతిసారీ బూతు నుంచి బయటికొచ్చి ఉమ్మేసి వస్తాను. దాన్ని రాజకీయ అభిప్రాయం అంటారో అనరో మా బావే చెప్పాలి, ఆయనకు దాని మీద డిగ్రీ ఉంది.

వెనక సీట్లో మా అక్క జోజమ్మ పెదాలు కదుపుతూ స్తోత్రం చెప్పుకుంటోంది. ఆమె పక్కన మా అక్సా. పదిహేడేళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం. మా ఆవిడకు దవాఖానాలో డ్యూటీ పడింది, అందుకని పిల్లను నాతో పంపింది, "నువ్వన్నా దానితో నాలుగు మాటలు మాట్లాడు" అని. నేను మాట్లాడింది లేదు. నిన్న మ్యాట్నీకి భద్రాచలంలో ఆ సినిమాకు తీసుకుపోయాడు బావ. ఆ సినిమా పేరు నా నోటితో పలకను. రెండు వారాలైంది విడుదలై, రోడ్డు పొడుగునా దాని బొమ్మలే, ఆటోల వెనక దాని డైలాగులే. కథ వినండి. వాన, అడవి, వాగు, బస్సు. బస్సులో నొప్పులు పడుతున్న మనిషి. డ్రైవరు బస్సు ఆపేస్తాడు. వాడికి పొట్ట, చంకలో సీసా, నత్తి. "నా కాళ్లు వణుకుతున్నయ్ సారూ" అంటాడు, హాలంతా ఒకటే నవ్వు. హీరో వాడి చెంప మీద ఒక్కటిచ్చి, కాలర్ పట్టి కిందికి గుంజి, తనే స్టీరింగ్ ఎక్కి, "రైట్... రైట్!" అని అరుస్తూ వరదలో బస్సు తోలతాడు. నీళ్లు రెండుగా చీలతాయి, ఎర్రసముద్రం చీలినట్టు. అవతలి ఒడ్డున బిడ్డ పుడుతుంది, ఏడుస్తుంది, జెండా ఎగురుతుంది. ఇంకో మాట చెప్పనా? ఆ హీరోది పుస్తకం భాష. పిరికివాడి యాస మాత్రం మాది. తాగుబోతుకూ మాదే, తన్నులు తినేవాడికీ మాదే. మా మాటతో నవ్వించుకుని మా టిక్కెట్లతోనే మేడలు కట్టుకుంటారు, దొంగ సచ్చినోళ్లు.

హాల్లో జనం లేచి నిలబడి "రైట్, రైట్" అని అరిచారు. మా బావ అరిచాడు. యాభై ఆరేళ్ల మనిషి. నా పక్కన అక్సా రెండు వేళ్లు నోట్లో పెట్టి విజిల్ వేసింది. ఆ విజిల్ నేర్పింది నేనే, దానికి ఏడేళ్లప్పుడు, మా ఇంటి డాబా మీద. అంతకంటే చిన్నప్పుడు, నేను డ్యూటీ దిగి ఖాకీ బట్టలతో గడపలోకి వస్తే, మంచం మీద నిలబడి చెయ్యి అడ్డంపెట్టి "హోల్డాన్!" అనేది. కండక్టరు బస్సు ఆపమని అరిచే మాట అది. అసలు ఇంగ్లీషులో ఏమిటో నాకు తెలియదు, మా డిపోలో ఎవరికీ తెలియదు, మాకు అది తెలుగే. హోల్డాన్ అంటే ఆగాలి. రైట్ అంటే కదలాలి. అది రైట్ అనేదాకా నేను బూట్లు విప్పకుండా గడప మీదే నిలబడేవాణ్ని, ఒక కాలు లోపల, ఒక కాలు బయట, అన్నం చల్లారిపోతోందని మా ఆవిడ తిడుతుంటే. ఆ పిల్లే నిన్న విజిల్ వేసింది. చెంపదెబ్బ పడినప్పుడు వేసింది. దెబ్బ ఎవడికి పడిందో దానికి తెలియదు. నేను చెప్పలేదు. ఇంట్లో అప్పుడు చెప్పింది ఒక్కటే మాట, వాన వల్ల బస్సు ఆగిపోయింది అని. అబద్ధం కాదు కదా అని నాలుగేళ్లుగా నన్ను నేనే బుజ్జగించుకుంటున్నాను. బస్సు ఆగిపోలేదు, నేను ఆపాను. ఇక్కడే, ఈ కారు చక్రాలు ఇప్పుడున్న చోటే ఆపాను.

నాలుగేళ్ల కింద, జూలై, గోదావరి ఊళ్లకు ఊళ్లను మింగిన ఆ వారం. భద్రాచలం పోయే ఆఖరి బస్సు, నలభై మంది. నడుమ సీట్లో ఒక ఆడమనిషి, నిండు నెలలు, ఆమె మొగుడు, ఆమె తల్లి. మూడు ఊళ్ల వెనక ఎక్కారు. ఎక్కేటప్పుడే పెదవి కొరుక్కుంటోంది. వాగు దగ్గరికి వచ్చేసరికి పదకొండు రాళ్లలో ఒక్కటీ పైకి కనిపించడం లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు. నాకు పని నేర్పిన సీనియర్ డ్రైవరు రామకృష్ణ ఒకటే మాట చెప్పేవాడు, "నడిమి రాయి కనపడకపోతే నీ తల్లి అవతలి ఒడ్డున సావుబతుకుల మీదున్నా పోకురా" అని. దిగి నీళ్ల అంచున నిలబడ్డాను. నీళ్ల హోరు కాదు నన్ను ఆపింది. నీళ్ల కింద రాళ్లు దొర్లే చప్పుడు, బొడబొడమని, నేల లోపల ఎవరో బస్తాలు ఈడుస్తున్నట్టు, అది అరికాళ్లలోంచి మోకాళ్లలోకి ఎక్కింది. వెనక్కొచ్చి ఎక్కి కూర్చున్నాను. బస్సులో మొదట బతిమాలారు. తర్వాత తిట్టారు. తర్వాత ఒకడు సీటు మీద కొడుతూ "రైట్, రైట్" అన్నాడు, ఇంకొకడు అందుకున్నాడు, నిమిషంలో బస్సంతా అదే మాట. నలభై మంది కలిసి రైట్ అంటే ఎట్లా ఉంటుందో సినిమావాళ్లకు ఎవరు చెప్పారో, అది మాత్రం సరిగ్గా తీశారు. మా కండక్టరు పగిడయ్య ఎంతసేపు తట్టుకుంటాడు, మంచివాడు, వాడి కళ్లలో నీళ్లు, చివరికి వాడూ అన్నాడు, చచ్చిన గొంతుతో, "రైట్ అన్నా". నేను ఇంజను ఆపి, తాళం తీసి చొక్కా జేబులో వేసుకుని, దిగిపోయి ఆ శిలాఫలకం మీద వాళ్లకు వీపు పెట్టి కూర్చున్నాను. ఒక్క మాట మాట్లాడలేదు. ఎవరో వీపు మీద ఉమ్మారు. లోపల నుంచి ఆమె కేక వచ్చింది.

ఆమెను డోలీ కట్టి మోసుకుపోయారు, వాగు పొడుగునా పైకి, గుట్ట చుట్టూ, పాయ సన్నబడే చోటికి. దారిలోనే కాన్పయింది. బిడ్డ దక్కలేదు. తల్లి బతికింది. తర్వాత విచారణ జరిగింది, నా తప్పు లేదని కాగితం ఇచ్చారు, ఆ కాగితంలోనే ఆమె పేరు మొదటిసారి చదివాను. వరద తీశాక చూస్తే చప్టా నడుమ బస్సు ముందుచక్రం పట్టేంత గొయ్యి. చూశావా నువ్వు బతికించావు నలభై మందిని అన్నాడు పగిడయ్య. ఆ గొయ్యి నేను ఆగే సరికే పడిందా, ఆ రాత్రి పడిందా? చెప్పమనండి ఎవడినైనా. పూడ్చి సిమెంటు పూసి సున్నం కొట్టేశారు. డిపోలో కొన్నాళ్లు నా పేరు చప్టా సుకుమార్. ఇప్పుడు సినిమా వచ్చాక కుర్రడ్రైవర్లు నన్ను చూసి మోకాళ్లు వణికించి చూపిస్తున్నారు. నవ్వి ఊరుకుంటాను. నవ్వకపోతే ఇంకా ఎక్కువ చేస్తారు.

"తెల్లబండి పోయేటట్టున్నది" అని బావ అద్దం దించాడు. వేడిగాలి, బురద వాసన, వాగు హోరు ఒక్కసారిగా లోపలికి వచ్చిపడ్డాయి. మా వెనక పది పన్నెండు బండ్లు చేరాయి, జనం దిగి ఫోన్లు పైకెత్తి నిలబడ్డారు. ఈ వాగే ఆ సినిమాలో వాగు అని ఎవడో ఫోన్లో పెట్టాడట, పంద్రాగస్టు సెలవుకు దీన్ని చూడటానికే వస్తున్నారు. ఇద్దరు కుర్రాళ్లు నీళ్ల అంచున వీడియో తీసుకుంటున్నారు, ఒకడు హీరో, ఒకడు డ్రైవరు. డ్రైవరు వేషంవాడు మోకాళ్లు ఆడిస్తూ "నా కాళ్లు వణుకుతున్నయ్ సారూ" అంటే రెండోవాడు చెంప మీద కొట్టినట్టు నటిస్తున్నాడు. బాగా రాలేదని మళ్లీ తీస్తున్నారు. నేను రాళ్లు లెక్కపెట్టాను. ఈ ఒడ్డు నుంచి నాలుగు తేటగా ఉన్నాయి, అయిదోది సగం, ఆరోది, నడిమిది, బొటనవేలంత తెల్లగా కనిపిస్తోంది, నీటి తెర మీదికి రాగానే మాయమవుతోంది, మళ్లీ కనిపిస్తోంది. ఉందని అందామా, లేదని అందామా? ఆ రోజు ఒక్కటీ లేదు, అది తేలిక. ఈ రోజుది అట్లాంటిది కాదు, పోతే పోగలమేమో కూడా, అందుకే నాకు ఎక్కువ మండుతోంది.

"మక్కకంకులు, వేడివేడి మక్కకంకులు" అంటూ ఒక ముసలాయన గంపతో కారు దగ్గరికి వచ్చాడు. అక్సా తన వైపు అద్దం దించి ఒకటి తీసుకుంది. ఆయన వంగి చూస్తూ చూస్తూ నా దగ్గర ఆగిపోయాడు. నేను మొహం తిప్పుకున్నాను. తేలు కుట్టిన దొంగనే నేను, ఏం తిప్పుకుంటే ఏం.

"ఓ డ్రైవర్ సాబూ, నువ్వే గద" అన్నాడు. "గా వరదల బస్సాపి గా రాయి మీద కూసున్నది నువ్వే గద. నేను సీతయ్యను. నీకు నేను యాదుండ. గామె డోలీ మోసిన నలుగురిల నేనొకణ్ణి."

అక్క స్తోత్రం ఆపేసింది. నేను అద్దంలోకి చూడలేదు. చూస్తే అక్సా మొహం కనిపిస్తుంది. ముసలాయన గంప వైపు చూస్తూ అడిగాను. "బాగున్నదా గామె?"

"ఉన్నది. ఏడాది కింద ఆడపిల్ల పుట్టింది, ఇంటికాన్నే. గామె ఇప్పటికీ బస్సెక్కదు. ఎంత దూరమన్నా నడిచే పోతది." సీతయ్య గంప ఇంకో చంకకు మార్చుకున్నాడు. "నువ్వు పోనిస్తే ఏమయ్యేదో నాకెరుకలేదు. నీకన్నా ఎరుకేనా?" అని నా జవాబు కోసం నిలబడకుండా వెనక బండి దగ్గరికి పోయాడు.

తిట్టినా బాగుండేది. ఉమ్మినా బాగుండేది, అలవాటే. ఎరుకేనా అని అడిగాడు, మంచిచెడ్డలు అడిగినట్టు. బావ గొంతు సవరించుకున్నాడు. ఆయనకు ఏం చెయ్యాలో తోచనప్పుడు గొంతు పెద్దదవుతుంది, క్లాసులో కూడా అంతేనేమో. "అయితే... సినిమాల గా డ్రైవర్..." అని సగంలో మింగేశాడు. తర్వాత, నన్ను ఓదార్చాలనే అనుకున్నాడో ఏమో, "పోనీ తియ్యి బామ్మర్దీ, అప్పుడైందేదో అయింది. ఇయ్యాల మనం దాటుదాం. నీ భయం గూడ పోతది" అన్నాడు. నా భయం పోగొట్టడానికి నా బిడ్డను నీళ్లలో దించుతాడట. నోట్లోకి వచ్చిన బూతు అక్క మొహం చూసి మింగాను.

తెల్లబండి దిగింది. జనం "రైట్, రైట్" అని అందుకున్నారు, చప్పట్లతో, తాళం తప్పకుండా. చక్రాల సగానికి నీళ్లు, తలుపు అంచుకు నీళ్లు, నడిమి రాయి దగ్గర బండి వెనకభాగం ఒక జాన పక్కకు జరిగింది, అది నేను చూశాను, ఇంకెవరూ చూడలేదు. మళ్లీ కుదురుకుంది. ఎక్కింది. అవతలి ఒడ్డున ఆగి హారను కొట్టింది. ఈ ఒడ్డున విజిళ్లు. ఏమీ కాలేదు. ఏమీ కాలేదు, దాటేసింది. ఇంకేం కావాలి నాకు, నాలుగేళ్ల నా పిరికితనాన్ని నడిబజారులో నిలబెట్టి చూపించాడు బానెట్ మీద కూర్చునే పోరగాడు.

"సూసినవా?" అన్నాడు బావ. "ఏమన్నయిందా?"

"ఏమయ్యా, తగ్గినాక పోదాం" అంది అక్క.

"నువ్వూకో జోజీ. రేపు నాకు కాలేజీ ఉన్నది. ప్రార్థన చేస్కో."

బండి కదిలింది. నా కుడిచెయ్యి దానంతటది స్టీరింగ్ కిందికి పోయింది, తాళం కోసం. తాళం లేదు. బటనే. ఈ బండికి తాళమే లేదు, గేరు లేదు, గుంజడానికి చేతిబ్రేకు కూడా లేదు, అదీ ఎక్కడో ఒక బటన్. నేను ఆ రోజు చెయ్యగలిగింది ఒక్కటే, తాళం జేబులో వేసుకోవడం, నోరు విప్పకుండా. నోరు విప్పి వద్దు అనడం నాకు అప్పుడూ చేతకాలేదు, ఇప్పుడూ చేతకావడం లేదు. అంటే ఏమంటారో తెలుసు. ముందుచక్రాలు నీళ్లను తాకిన సంగతి నాకు పిర్రల కింద తెలిసింది. బయట మళ్లీ మొదలుపెట్టారు, రైట్, రైట్, ఈసారి మాకు. కుర్రాళ్లు ఫోన్లు మా వైపు తిప్పారు. బానెట్ వంగింది. నేల లోపల బొడబొడమని...

"హోల్డాన్!"

వెనక కిటికీలోంచి కారు పైకప్పు మీద అరచేత్తో రెండు దెబ్బలు. బావ కాలు బ్రేకు మీద పడింది. ఆయన అనుకుని తొక్కలేదు. ఈ జిల్లాలో పుట్టి ఎర్రబస్సెక్కి చదువుకున్న ఎవడి కాలైనా ఆ మాటకు ఆగుతుంది, లెక్చరర్ అయినా సరే. డాష్‌బోర్డు మీద జెండా ఊడి నా ఒళ్లో పడింది.

"ఏందమ్మా అక్సా! గా బండి పోలేదా? దానికేమన్నయిందా?"

"ఏం కాలే మామయ్యా" అంది అక్సా. "ఏం కాకపోయినా మనం వద్దు. ఎనకకు తియ్యి."

"అరె, డాడీయే ఏమంటలేడు..."

"డాడీ అనడు. నేనంటున్న. నేను రైట్ అనేదాకా బండి కదలొద్దు."

బావ నా మొహం చూశాడు. నేను తల ఊపాను, అంతే చెయ్యగలిగాను. బండి వెనక్కి వస్తుంటే జనం ఊళలు వేశారు. "ఏయ్, కాళ్లు వణుకుతున్నయా సారూ" అని ఒకడు అరిచాడు, అందరూ పగలబడి నవ్వారు. మా వెనకవాళ్లు హారన్లు కొట్టి పక్క నుంచి ముందుకు వచ్చి నిలబడ్డారు. బావ బండిని శిలాఫలకాల పక్కన ఆపి, దిగి, ఫోను చెవికి పెట్టుకుని దూరంగా పోయాడు, ఎవరికో ఈ దేశం ఎందుకు బాగుపడదో చెప్పడానికి. అక్క నీళ్ల సీసా తీసి నా చేతిలో పెట్టింది. నేను దిగి ఆ రోజు కూర్చున్న రాయి మీదే కూర్చున్నాను. దాని మీద ఒక మంత్రి పేరు ఉంది, సగం చెరిగిపోయింది, ఈసారి వాగు వైపు మొహం పెట్టి కూర్చున్నాను.

అక్సా వచ్చి పక్కన కూర్చుంది. మక్కకంకి ఇంకా చేతిలోనే ఉంది, ఒక్క గింజ కొరకలేదు. నిన్న విజిల్ వేసినందుకు ఏమన్నా అంటుందేమో, అంటే ఏం చెప్పాలో అని నేను లోపల్లోపల చస్తున్నాను. అది ఆ మాట ఎత్తలేదు.

"సినిమాల ఆమెకు పేరే లేదు" అంది. "ఆమె పేరేంది డాడీ?"

"ముత్తమ్మ" అన్నాను. "మడకం ముత్తమ్మ." ఆ పేరు కాగితంలో చదివాను గానీ, పైకి అనడం ఇదే మొదలు.

అది పెదాలతో ఆ పేరు ఒకసారి పలికి చూసుకుంది. తర్వాత, నా వైపు చూడకుండా, అడిగింది. "గా దినం నీకు భయమైందా?"

విచారణలో అడిగారు, నడిమి రాయి కనిపించిందా అని. పగిడయ్య అడిగాడు, రామకృష్ణ మాట గుర్తుకొచ్చిందా అన్నా అని. మా ఆవిడ అడిగింది, తిన్నావా అని. ఈ మాట ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి నా దగ్గర రాళ్లు ఉన్నాయి, రూలు ఉంది, గొయ్యి ఉంది, కాగితం ఉంది. అవన్నీ నిజాలే. కానీ ఆ రోజు నన్ను బస్సులోంచి దింపింది అవి కాదు. చెప్పాల్సిన మాట నిన్న హాలంతా నవ్విన మాట, ఇప్పుడు నీళ్ల అంచున ఆ కుర్రాళ్లు మోకాళ్లు ఆడిస్తూ మూడోసారి తీసుకుంటున్న మాట.

"అవ్" అన్నాను. "చానా భయమైంది బిడ్డా. కాళ్లు వణికినయ్. అందుకే తాళం తీసి జేబుల ఏస్కున్న."

అక్సా కంకి విరిచి సగం నా చేతిలో పెట్టింది.

"నాకు గూడ గిప్పుడు గట్లనే వణికినయ్ డాడీ" అంది.